రెండిళ్లు పట్టే స్థలమేనా? గజాల కంటే ముందు వీధి ముఖం చూడాలి

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో స్థలం మాట వస్తే మొదటి ప్రశ్న 'ఎన్ని గజాలు?'. కొంచెం బయటికి వెళ్తే 'ఎన్ని సెంట్లు?'. సెంటుకు 48.4 గజాలు కాబట్టి లెక్క ఒకటే. ఇద్దరు అన్నదమ్ములకు చెరో ఇల్లు కావాలన్నా, ఒకటి ఉండటానికి, ఇంకొకటి అద్దెకు అనుకున్నా ఆ అంకె పట్టుకునే మాట్లాడుకుంటారు. కానీ రెండిళ్లు పడతాయో లేదో తేల్చడానికి ఆ అంకె చాలదు. ఒకే 200 గజాలు 30×60 అడుగులుగా ఉంటే ఒక జవాబు వస్తుంది, 40×45గా ఉంటే మరో జవాబు. తేల్చేవి మూడు: వీధి ముఖం, అంటే వీధి వైపు వెడల్పు, ఎంత, మెట్లు ఎక్కడ, మురుగునీరు ఎటు పోతుంది. ఇంతకీ రెండిళ్లు కట్టాలనుకున్న వాళ్లలో చాలామంది గోడలు లేచాక గానీ మూడో ప్రశ్న వేసుకోరు.

ముందు టేపు, తర్వాతే ప్లాన్

దస్తావేజులో 30×60 అని ఉన్నంత మాత్రాన స్థలం అంత ఉండాలని లేదు. పక్కవాళ్ల ప్రహరీ నాలుగు అంగుళాలు ఇటు జరిగి ఉండొచ్చు, వెనక వైపు 28 అడుగులే ఉండొచ్చు. నాలుగు వైపులతో పాటు రెండు మూలకొలతలూ తీయాలి. 30×60 మూలమట్టానికి సరిగ్గా ఉంటే మూల నుంచి మూలకు 67 అడుగుల 1 అంగుళం రావాలి, రెండు మూలకొలతలూ సమానంగా ఉండాలి. 40×45కైతే 60 అడుగుల 2 లేక 3 అంగుళాలు. తేడా ఉంటే స్థలం వంకర అన్నమాట. అప్పుడు ఇంటి వెడల్పు ఇరుకు వైపు కొలతతోనే లెక్క వేయాలి. కొలిచేది నేల మీద పరిచిన తాడుతో కాదు, బిగించి లాగిన టేపుతో, వీలైతే స్టీలు టేపుతో.

తర్వాత రోడ్డు. వీధి ఎంత వెడల్పు ఉందన్నదే కాదు, మాస్టర్ ప్లాన్‌లో ఎంత ఉండాలని రాశారన్నదీ చూడాలి. ఇప్పుడున్న సందు 12 అడుగులు, ప్లాన్‌లో ఉండాల్సింది 30 అడుగులు అయితే, లోటు 18 అడుగుల్లో సగం, అంటే 9 అడుగులు, ఇటువైపు వాళ్లు విస్తరణకు వదలాల్సి వస్తుంది. 60 అడుగుల పొడుగు ఒక్కసారిగా 51 అవుతుంది. ఖాళీ జాగా లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది. పాత బజారు వీధుల్లో, ఊరి నడుమ ఉన్న వారసత్వ స్థలాల్లో ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే.

ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ అనేది స్థలం విస్తీర్ణాన్ని, ఇంటి ఎత్తును, రోడ్డు వెడల్పును బట్టి మారుతుంది. 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనల పట్టిక 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలానికి, 12 మీటర్ల లోపు రోడ్డు మీద, ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున చెప్పింది. తర్వాత సవరణలు వచ్చాయి కాబట్టి ప్లాన్ పెట్టే రోజున అమల్లో ఉన్న పట్టికను ఎల్టీపీ (ప్లాన్ గీసి పెట్టే లైసెన్స్ ఉన్న సాంకేతిక నిపుణుడు) దగ్గర చూసుకోవడం తప్పనిసరి. ఇక్కడి లెక్కలకు మాత్రం ఈ కొలతలే వాడదాం. 200 గజాలంటే 167 చదరపు మీటర్లు, ఈ వర్గంలోకే వస్తుంది. అడుగుల్లో ముందు 5, మిగతా వైపుల 3 అడుగుల 3 అంగుళాలు.

30×60 స్థలంలో ఈ ఖాళీలు తీసేస్తే వెడల్పు 23 అడుగుల 6 అంగుళాలు, పొడుగు 51 అడుగుల 9 అంగుళాలు మిగులుతుంది. అంటే అంతస్తుకు 1,216 చదరపు అడుగులు. 40×45లో 33 అడుగుల 6 అంగుళాలు × 36 అడుగుల 9 అంగుళాలు, అంటే 1,231. రెండూ దాదాపు సమానం. అందుకే గజాల లెక్క నమ్మబలుకుతుంది.

పక్కపక్కనా, ముందూ వెనకా, కిందా పైనా

ఒక కుటుంబానికి కనీసం ఎంత చోటు కావాలో ముందు అనుకోవాలి. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ప్రధాన గది 9.5 చదరపు మీటర్లకు, అంటే 102 చదరపు అడుగులకు తగ్గకూడదు, వెడల్పు 2.4 మీటర్లు, అంటే 8 అడుగులకు తగ్గకూడదు. వంటగది 5 చదరపు మీటర్లు, 6 అడుగుల వెడల్పు. స్నానాల గదీ మరుగుదొడ్డీ కలిసి ఉంటే 2.8 చదరపు మీటర్లు, 4 అడుగుల వెడల్పు. గదుల ఎత్తు 9 అడుగులు. ఈ లెక్కన 10×12 హాలు, 10×10 పడకగది, 6×9 వంటిల్లు, 30 చదరపు అడుగుల బాత్రూమ్ కలిపితే 304 చదరపు అడుగులు, గోడలకు ఇంకో 15 శాతం కలిపితే 350. ఇది అద్దె పోర్షన్‌కు సరిపోయే కొలత. పిల్లలున్న సొంతింటికి రెండు పడకగదులతో 600 లోపు ఇరుకే.

ఇప్పుడు 30 అడుగుల ముఖాన్ని పక్కపక్కన రెండిళ్లుగా చీల్చి చూడండి. 23 అడుగుల 6 అంగుళాల్లో ఒక్కో ఇంటికి 11 అడుగుల 9 అంగుళాలు. బయటి గోడ 9 అంగుళాలు, నడిమి ఉమ్మడి గోడలో సగం నాలుగున్నర. లోపల మిగిలేది 10 అడుగుల ఏడున్నర అంగుళాలు. ఒకే గది వెడల్పు. ముందు హాలు, వెనక పడకగది, ఆ వెనక వంటిల్లు, రైలు పెట్టెలా. హాలు నుంచి వంటింటికి పోవాలంటే పడకగది గుండా పోవాలి, లేదా పక్కగా 3 అడుగుల నడవ తీయాలి. నడవకు 3 అడుగులు, దాని గోడకు నాలుగున్నర అంగుళాలు పోతే గదికి మిగిలేది 7 అడుగుల 3 అంగుళాలు. నియమావళి అడిగే 8 అడుగులకే 9 అంగుళాలు తక్కువ. డబుల్ కాట్ వేస్తే బీరువా తలుపు తెరుచుకోదు. విస్తీర్ణం చూస్తే ఒక్కో ఇల్లు 608 చదరపు అడుగులు వస్తుంది, కాగితం మీద బాగానే ఉంటుంది. అందుకే ఈ పొరపాటు పదేపదే జరుగుతుంది.

మరి ఎంత ముఖం కావాలి? లోపల 10 అడుగుల గది, నాలుగున్నర అంగుళాల గోడ, 3 అడుగుల నడవ, గోడల వాటా 1 అడుగు ఒకటిన్నర అంగుళం. మొత్తం 14 అడుగుల 6 అంగుళాలు. రెండింతలు 29 అడుగులు, రెండు పక్కల ఖాళీ 6 అడుగుల 6 అంగుళాలు. కలిపితే 35 అడుగుల 6 అంగుళాలు. కాబట్టి 36 అడుగుల ముఖం ఉంటే పక్కపక్కన రెండిళ్ల ఆలోచన చేయొచ్చు. 30, 32 అడుగుల ముఖానికి చేయకూడదు. 40×45లో ఒక్కో ఇంటికి లోపల 15 అడుగుల ఏడున్నర అంగుళాలు వస్తాయి: 10 అడుగుల గది, గోడ, పక్కన 5 అడుగుల 3 అంగుళాల పట్టీలో బాత్రూమూ నడవా సర్దుకుంటాయి. రెండు ఇళ్లలోనూ ఈ పట్టీ నడిమి గోడ వైపు పెట్టి, గదులను బయటి వైపు ఉంచితే కిటికీలకు గాలి తగులుతుంది. పడమర ఎండ తగిలే గోడకు మాత్రం గదికి బదులు బాత్రూమ్ పెట్టడమే మేలు.

పల్లెల్లో ఇదే సమస్య పాత రూపంలో కనిపిస్తుంది. గోడకు గోడ ఆనించి వీధి పొడుగునా కట్టిన వరస ఇళ్లు, ముందు అరుగు, వెనక లోతుగా పెరడు. ఇద్దరు కొడుకులుంటే ముందు గుమ్మం ఇద్దరికీ కావాలని నిలువుగా చీలుస్తారు. 22 అడుగుల ఇల్లు చెరో 11 అవుతుంది, ఆ తరం తర్వాత మళ్లీ చీలితే 5 అడుగుల చిల్లర. అక్కడ నిలువు చీలిక కంటే ముందూ వెనకా పంచుకుని, ఒక పక్కన దారి వదిలితే రెండూ మనుషులుండే ఇళ్లు అవుతాయి. వెనక వాటా ఎవరూ కోరుకోరన్నది నిజమే. దానికి పరిహారంగా వెనక వాటాకు పెరడు ఎక్కువ ఇచ్చి సరిపెట్టుకోవడం చాలా ఊళ్లలో నడిచే పద్ధతే.

30×60లో ముందూ వెనకా కడితే లెక్క ఇలా ఉంటుంది. వెనకింటికి పక్క ఖాళీ 3 అడుగుల 3 అంగుళాల్లోంచే దారి అంటే బండి పోతుంది గానీ బండి పక్కన మనిషి నడవలేడు. ఆ సందులోనే మెట్ల మొదలు, గ్యాస్ బండ, ఏసీ బయటి పెట్టె పెడితే అది కూడా పోదు. బీరువా, మంచం, అంబులెన్స్ స్ట్రెచర్ మలుపు తిరగాలంటే 5 అడుగులు కావాలి. దారి వైపు 5, రెండో వైపు 3 అడుగుల 3 అంగుళాలు తీస్తే ఇంటి వెడల్పు 21 అడుగుల 9 అంగుళాలు. రెండిళ్ల నడుమ వెలుతురుకు ఆరున్నర అడుగులు వదిలితే ఒక్కో ఇల్లు సుమారు 490 చదరపు అడుగులు. ఒక పడకగది ఇల్లుగా సుఖం, రెండు పడకగదులైతే తొక్కిడి.

కిందా పైనా కట్టడం 30 అడుగుల ముఖానికి సహజమైన జవాబు. మెట్లు మాత్రం చోటు అడుగుతాయి. అంతస్తు ఎత్తు 3.15 మీటర్లనుకుంటే, మెట్టు ఎత్తు 175 మిల్లీమీటర్లుగా 18 ఎత్తులు వస్తాయి. రెండు వరసల్లో చెరో 9. ఒక్కో వరసలో 8 అడుగుమెట్లు, ఒక్కోటి 250 మిల్లీమీటర్లు, అంటే 2 మీటర్లు. రెండు చివరలా మీటరు చొప్పున చప్టా. మొత్తం 4 మీటర్ల పొడుగు, 2.1 మీటర్ల వెడల్పు. సుమారు 90 చదరపు అడుగులు ప్రతి అంతస్తులోనూ పోతాయి. దీన్ని మిగిల్చుదామని వదలాల్సిన ఖాళీలో ఇనుప మెట్లో, వేలాడే శ్లాబు మెట్లో పెడతారు. అది ప్లాన్‌లో చూపించలేనిది కాబట్టి రేపు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు, బ్యాంకు లోనుకు అదే అడ్డం పడుతుంది. ఇంకో పొరపాటు మెట్లను కిందింటి హాలులోంచి ఎక్కేలా పెట్టడం. ఇప్పుడు కొడుకే కదా పైన ఉండేది అనిపిస్తుంది. అద్దెకిచ్చే రోజు వస్తే గోడ పగలగొట్టాల్సిందే. మెట్ల మొదలు గేటుకు దగ్గరగా, కిందింటి గుమ్మానికి ఎదురుగా కాకుండా ఉండాలి.

కారు కూడా లెక్కలోకి రావాలి. ముందు వదిలే 5 అడుగుల్లో కారు పట్టదు, చిన్న కారుకే 8×16 అడుగులు కావాలి. అందుకని కింది ఇంట్లోంచి 128 చదరపు అడుగులు తీసేయాలి. 1,216లో మెట్లు, కారు పోగా కింద సుమారు వెయ్యి, పైన 1,125 మిగులుతాయి. పక్కపక్కన 608 వచ్చిన చోట ఇది. రెండు కుటుంబాలకూ కారు కావాలంటే కింద మొత్తం పార్కింగ్‌కు వదిలి పైన రెండంతస్తులు కట్టడమే దారి, ఖర్చులో ఒక అంతస్తు స్తంభాలు, శ్లాబు అదనం.

100 గజాల్లో, 20×45 స్థలంలో, పక్కపక్కన మాట అనవసరం. కిందా పైనా ఒక్కో పడకగదితో పడతాయి. 50 నుంచి 100 చదరపు మీటర్ల స్థలానికి 7 మీటర్ల ఎత్తు వరకు 2017 పట్టికలో పక్క ఖాళీ లేదు. వదలక్కర్లేదు కదా అని గోడ నుంచి గోడకు కట్టేస్తే పక్కవాడూ అదే చేస్తాడు, నడిమి గదికి పగలు కూడా లైటు వేయాలి. ఒక పక్కన 3 అడుగులు వదులుకోవడం తెలివి. ప్రభుత్వం ఇచ్చిన సెంటు, సెంటున్నర స్థలాలు ఒక్కింటి స్థలాలే.

సెప్టిక్ ట్యాంకు ఎక్కడ?

భూగర్భ మురుగు లైను లేని కాలనీల్లో రెండిళ్ల ప్రశ్న చివరికి ఇక్కడికి వచ్చి ఆగుతుంది. సెప్టిక్ ట్యాంకుల భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం 5 మందికి లోపలి కొలత 1.5×0.75 మీటర్లు. 10 మందికి 2.0×0.9 మీటర్లు, రెండేళ్లకోసారి తోడిస్తే నీటి లోతు 1.4 మీటర్లు, పైన 30 సెంటీమీటర్ల ఖాళీ. 9 అంగుళాల గోడలు కలుపుకుంటే 10 మంది ట్యాంకు బయటి కొలత సుమారు 2.46×1.36 మీటర్లు. ఇది మీటరు వెడల్పు పక్క ఖాళీలో పట్టదు, వెనక ఖాళీలోనూ పట్టదు. ముందున్న 1.5 మీటర్లలో మాత్రం ప్రహరీ పునాదికి ఆనుకుని ఇరుకుగా దిగుతుంది.

ఇక్కడ వాస్తు వచ్చి కూర్చుంటుంది. తూర్పు ముఖం స్థలంలో సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో పెట్టమంటారు, అంటే వెనక మూల. వీధి కాలువ తూర్పున. ట్యాంకు నుంచి వచ్చే నీరు స్థలం పొడుగంతా ప్రయాణించాలి. వాస్తు పాటించేవాళ్లు పాటించొచ్చు, కానీ అప్పుడు వెనక ఖాళీని మీటరు నుంచి కనీసం 1.8 మీటర్లకు పెంచి, ఇంటి పొడుగులో ఆ రెండున్నర అడుగులు పోగొట్టుకోవడానికి ముందే సిద్ధపడాలి. పక్కపక్క ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఒకటి ఇంకోదానికి అద్దంలో బొమ్మలా ఉంటే రెండు బాత్రూములూ నడిమి గోడకు చేరి పైపులు ఒక్క వరసలో పోతాయి, ఖర్చు తగ్గుతుంది. కానీ ఒకరి వంటిల్లు ఆగ్నేయంలో పడితే రెండోవారిది ఈశాన్యంలో పడుతుంది. ఎవరు ఏ వాటా తీసుకుంటారన్నది ముగ్గు పోసే ముందే తేలాలి.

వాలు లెక్క ఎవరూ వేయరు, అందుకే ఇక్కడ కొంచెం ఆగుదాం. వెనక బాత్రూమ్ నుంచి ముందున్న ట్యాంకుకు 50 అడుగులనుకోండి. 4 అంగుళాల పైపుకు 40 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇస్తే 50 అడుగులకు 15 అంగుళాలు దిగుతుంది. పైపు మొదలే ఇంటి నేలకు ఒక అడుగు కింద ఉంటుంది. ట్యాంకులోకి వచ్చే పైపు కంటే బయటికి పోయేది ఇంకో 2 అంగుళాలు కింద. కలిపితే ఇంటి నేలకు 29 అంగుళాలు దిగువ. ఇంటి పునాది మట్టం రోడ్డు కంటే 2 అడుగులు ఎత్తు ఉంటే, బయటికి పోయే నీరు రోడ్డుకు 5 అంగుళాల కింద వస్తుంది. కాలువ అడుగు అంతకంటే లోతుగా ఉంటేనే పారుతుంది. నాలుగేళ్లకు పాత సీసీ రోడ్డు మీద ఇంకో పొర 6 అంగుళాలు పోస్తారు, కాలువ గట్టూ లేస్తుంది, అక్టోబరు వానకు కాలువ నీరే వెనక్కి ట్యాంకులోకి వస్తుంది. కిందింటి మరుగుదొడ్డిలో నీరు దిగదు. పైయింటి వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు, అందుకే బాగు ఖర్చులో వాటా ఇవ్వరు. తగవు అక్కడ మొదలవుతుంది. రెండిళ్లు కట్టేటప్పుడు పునాది మట్టం రోడ్డు నడుమ నుంచి రెండున్నర, మూడు అడుగులు లేపాలనేది ఇందుకే.

కాలువ లేని చోట ఇంకుడు గుంత తప్పదు. ప్రమాణం ప్రకారం అది తాగునీటి బావికి, బోరుకు 18 మీటర్ల దూరంలో ఉండాలి. 30×60 స్థలంలో ఆ మూల నుంచి ఈ మూలకే 20 మీటర్లు. ఒక మూల బోరు, ఎదురు మూల గుంత పెట్టినా అంచులు లెక్కేస్తే దూరం బొటాబొటి, పక్కింటివాళ్ల బోరు అటువైపే ఉంటే ఇక చెప్పక్కర్లేదు. నాగావళి, వంశధార ఒడ్డున ఇసుక నేలల్లో వానాకాలం నీటి మట్టం పైకి వస్తుంది, గుంత ఇంకడం మానేస్తుంది. అలాంటి చోట 10 మంది మురుగును 200 గజాల్లో దింపలేం, ఒక్కిల్లుతో ఆగడమే సరైన నిర్ణయం.

నీళ్లు, కరెంటు సంగతి తొందరగా తేలేదే. మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుంటే 10 మందికి 1,350. చెరో వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టాలి, పైపులు వేరుగా దించాలి. నిండిన ట్యాంకు ఒక్కోటి టన్ను బరువు, శ్లాబు నడుమ కాకుండా స్తంభాల మీద కూర్చోవాలి. 6×5×4 అడుగుల సంపు 3,400 లీటర్లు పడుతుంది, రెండిళ్లకు చాలు. బోరు ఒకటే అయితే మోటారుకు ఎవరి మీటరు అన్నది తేల్చుకోవాలి. కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ బిల్లు యూనిట్లు పెరిగే కొద్దీ ఎక్కువ రేటుకు పోతుంది, కాబట్టి రెండు కుటుంబాలు ఒక మీటరు మీద ఉంటే ఇద్దరూ నష్టపోతారు. రెండు సర్వీసులు తీసుకోవడానికి గుమ్మం, వంటిల్లు, వైరింగ్ విడివిడిగా ఉండేలా మొదటే కట్టాలి.

ఉన్న ఇంటి మీద రెండోది

చాలా చోట్ల ప్రశ్న ఖాళీ స్థలం గురించి కాదు, 15, 20 ఏళ్ల కింద కట్టిన శ్లాబు ఇంటి మీద రెండోది లేపొచ్చా అన్నది. పైకి వదిలిన కడ్డీలు చూసి మేస్త్రి 'వేసేద్దాం' అంటాడు. చూడాల్సింది పైన కాదు, కింద. రెండు చోట్ల స్తంభం పక్కన గుంత తవ్వి ఫుటింగ్, అంటే స్తంభం కింది పునాది దిమ్మ, కొలవాలి. ఒక స్తంభం 10×12 అడుగుల చోటును మోస్తోందనుకుంటే, గోడలతో కలిపి చదరపు మీటరుకు సుమారు 1.2 టన్నుల అంచనాతో అంతస్తుకు 13 టన్నుల పైచిలుకు బరువు. నేల చదరపు మీటరుకు 15 టన్నులు మోసేదైతే ఒక అంతస్తుకు 3 అడుగుల పైచిలుకు చదరం ఫుటింగ్ సరిపోతుంది. రెండంతస్తులకు సుమారు 4 అడుగుల 5 అంగుళాల చదరం కావాలి. గుంతలో 3 అడుగులే కనిపిస్తే ఆ ఇల్లు పై అంతస్తు కోసం కట్టింది కాదు, కడ్డీలు వదలడం ఆశ మాత్రమే. 15 టన్నుల అంకె కూడా నేలను బట్టి మారుతుంది. గట్టి ఎర్ర మొరం ఎక్కువే మోస్తుంది. పూడ్చిన చెరువు, నల్లరేగడి, వదులు ఇసుక అంత మోయవు.

కడ్డీలకు అతుకు వేయాలంటే 12 ఎంఎం కడ్డీకి సుమారు 2 అడుగుల పొడుగు బయట ఉండాలి. చాలా ఇళ్ల మీద అడుగే ఉంటుంది. కళింగపట్నం, పూసపాటిరేగ వైపు ఉప్పుగాలికి ఆ అడుగు కూడా పొరలుగా ఊడిపోయి ఉంటుంది. బ్రష్షుతో గీకి, మిగిలిన మందం కాలిపర్‌తో కొలవాలి. శ్లాబు కింద సిమెంటు పొర ఉబ్బి కడ్డీ కనిపిస్తే పై అంతస్తు మాట పక్కన పెట్టి ముందు దానికి వైద్యం చేయాలి. స్తంభాలు లేకుండా గోడల మీదే శ్లాబు ఉన్న ఇంటికి, అందులో మట్టి అడుసుతో కట్టిన గోడలైతే, రెండో ఇల్లు పైన కాదు, పక్కనో వెనకో చూసుకోవాలి.

బరువు తగ్గుతుందని పైన రేకుల ఇల్లు వేసే అలవాటు ఉంది. మన కోస్తాకు ప్రమాణంలో ఇచ్చిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. ఇనుప రేకు బరువు దానికి ఇరవయ్యో వంతు కూడా ఉండదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాకు అది చూపించింది. రేకుల ఇల్లే అయితే దూలాలను పిట్టగోడ మీద కూర్చోబెట్టకుండా కింది స్తంభాల కడ్డీకి బోల్టులతో బిగించాలి.

కాగితాల్లో రెండిళ్లు

ముందు పంచుకుని తర్వాత కట్టాలా, కట్టి తర్వాత పంచుకోవాలా అన్నది చిన్న విషయం కాదు. 30×60ను ముందే 15×60 రెండు ముక్కలుగా పంచితే ఒక్కోటి 83.6 చదరపు మీటర్లు, పట్టికలో వర్గమే మారిపోతుంది, పక్క ఖాళీ లెక్కా మారుతుంది. ఇది లాభంగా కనిపిస్తుంది, కానీ ఆమోదం లేని విభజన మీద ప్లాన్ రాదు, వచ్చినా చార్జీలు కట్టించుకుంటారు. పైగా 15 అడుగుల ముఖం ముక్కను తర్వాత ఎవరూ సరైన ధరకు కొనరు. ఒకే స్థలంగా ఉంచి రెండు ఇళ్ల ప్లాన్ ఒకేసారి పెట్టడం ఎక్కువ సందర్భాల్లో సులువు. స్థలం అసైన్డ్ భూమో, 22-ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) ఉందో, ఆమోదం లేని లేఅవుట్‌లో ఉందో ఈసీ (స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం), లింకు దస్తావేజులతో పాటు ముందే చూసుకోవాలి. అవి తేలకుండా గదుల కొలతలు వేసుకోవడం వృథా.

పక్కపక్కన కట్టేటప్పుడు ఉమ్మడి గోడ ఒకటే 9 అంగుళాలది పెడితే చోటు మిగులుతుంది. కానీ ఒకరు 25 ఏళ్ల తర్వాత కూల్చి కట్టాలంటే రెండోవారి శ్లాబు ఆ గోడ మీదే ఉంటుంది. చెరో వరస స్తంభాలు, నడుమ ఒక అంగుళం సందు, దాని మీద నీరు దిగకుండా మూత, ఇవి ఉంటే ఇంటికి ఇల్లు. స్థలంలో సుమారు 10 అంగుళాలు పోతాయి, 37 అడుగుల ముఖం ఉంటే భరించొచ్చు. కిందా పైనా అయితే దస్తావేజులో నాలుగు మాటలు విడిగా రాయించాలి: భూమిలో ఎవరికెంత అవిభాజ్య వాటా, మెట్లూ దారీ ఎవరెవరివి, సెప్టిక్ ట్యాంకు తోడించే ఖర్చు ఎలా, మేడ పైభాగం ఎవరిది. చివరిది రాయకుండా వదిలేస్తే, మూడో అంతస్తు ఆలోచన వచ్చిన రోజు కిందివారూ పైవారూ ఇద్దరూ అది తమదే అంటారు. ముందూ వెనకా కడితే దారి వెడల్పు అడుగుల్లో, ఎక్కడి నుంచి ఎక్కడి వరకో, హద్దులతో రాయాలి. 'వాడుక దారి' అని వదిలేస్తే చాలదు.

ప్లాన్‌కు డబ్బు కట్టే ముందు ఒక పూట స్థలంలో గడపడం మంచిది. పన్నెండు మేకులు, నూలు తాడు, టేపు, ఒక సంచి సున్నం చాలు. ఖాళీలు వదిలి గోడల గీతలు సున్నంతో పోయాలి, మెట్ల దగ్గర 7×13 అడుగుల పెట్టె గీయాలి, ట్యాంకు దగ్గర 8×5 పెట్టె గీయాలి. తర్వాత బండిని గేటు నుంచి వెనకింటి గుమ్మం దాకా నడిపించి, అక్కడే తిప్పి మళ్లీ బయటికి తేవాలి. తిప్పేటప్పుడు చక్రం ఏ గీతను తొక్కిందో అక్కడ కొలత మార్చాలి.